ఆగాల్సిన చోటు

తను ఇంకా పూర్తి చెయ్యని బొమ్మ తన పేజీలోనే కనిపించేసరికి, పొద్దున్నే ఫోన్ తెరిచిన చిత్రకారిణి ఉలిక్కిపడింది.

తను పెట్టలేదు. బొమ్మలో గొడుగు కింద నిలబడ్డ ముసలామె చేతికి ఇంకా వేళ్లయినా వెయ్యలేదు. పది నెలలుగా ఆ పేజీలో కొత్త బొమ్మంటూ లేదు. వేసిన ప్రతిదాన్నీ బాగుచేసి బాగుచేసి, చివరికి తెల్లరంగు పూసేసేది. ఇవాళ దీనికీ పూసేద్దామని రాత్రే అనుకుంది.

ఆమె ఫోన్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరే.

"నా ఫోనే నా మాట వినదు. నీదెందుకు ముట్టుకుంటాను తల్లీ?" అని చేతులు జోడించాడు భర్త.

ఆమె ఫోటోను పెద్దది చేసి చూసింది. బొమ్మ పక్కన సుద్ద పూసిన దారం తిన్నగా వేలాడుతోంది. వంకర లేకుండా ఫోటో తియ్యడానికి కట్టినది. ఆ అలవాటు ఒక్కరికే ఉంది.

"నాన్నా, ఈ దారం ఎవరిది?"

సుద్ద దారంతో గీతలు కొట్టి దుకాణాల బోర్డులు రాసి రిటైరైన తండ్రి పేపర్ మడిచాడు.

"పట్టేశావా! నేనే పెట్టానమ్మా. నా బోర్డు పొద్దున తగిలించగానే వీధంతా చూసేది. ఇక దిద్దే వీలుండేది కాదు. నువ్వేమో ఎవరూ చూడకముందే చెరిపేస్తావు. ఇంతకుముందు నాలుగు బొమ్మలు పోయినప్పుడు నోరు మూసుకున్నాను. ఈ గొడుగు ముసలామెని పోగొట్టుకోవడం నావల్ల కాలేదు. ఇప్పుడు వీధంతా చూసేసింది. చెరుపు, చూద్దాం!"