పసుపు బిళ్ళ కింది మనిషి

టక్.

నన్ను చూడకముందే మీరు ఈ చప్పుడు వినాలి. ఒక మనిషి పేరు ఇనుప పలకకు అతుక్కున్న చప్పుడు అది. వెనువెంటనే జర్రుమని వినిపిస్తే ఆ పేరును పక్కకు జరిపారని అర్థం. తీసేసినప్పుడు మాత్రం ఏ చప్పుడూ వినిపించదు.

నేను ఒక అయస్కాంతపు బిళ్ళను. రూపాయి నాణెం కంటే కాస్త పెద్దదాన్ని. నల్లని పొడిని అచ్చులో అదిమి, కొలిమిలో కాల్చి, నెత్తిన ప్లాస్టిక్ టోపీ తొడిగి నన్ను లోకంలోకి పంపారు. ఎర్ర టోపీల తొట్టె ఆ పక్కనే ఉంది, నీలి టోపీల తొట్టె ఈ పక్కనే ఉంది. నా వంతు వచ్చేసరికి యంత్రం నోట పసుపు ఉంది. మనుషులు తమ పుట్టుకను గురించి చెప్పుకునే గొప్పల్లో ఇంతకు మించినది ఏముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నా మొదటి కొలువు విశాఖపట్నంలో, ద్వారకానగర్‌లోని ఒక కోచింగు సెంటరులో. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలను బోర్డుకు అదిమిపట్టడం నా పని. ఏటేటా పాత నవ్వులు చెత్తబుట్టలోకి పోయేవి, కొత్త నవ్వులు నా కిందికి వచ్చేవి. ఒక ఏడు ఒక్క ర్యాంకూ రాలేదు. అప్పుడు ఎవరో వేరే ఊరి పిల్లల ఫొటోలు తెచ్చి పెట్టారు. నేను వాటినీ అంతే గట్టిగా పట్టుకున్నాను. ఆ సెంటరు మూతపడ్డాక బోర్డుతో పాటు మమ్మల్నీ అమ్మేశారు. కొన్నది ఒక బాస్కెట్‌బాల్ జట్టు.

కొత్తగా పుట్టిన ప్రొఫెషనల్ లీగులో అది ఒక జట్టు. దాని కార్యాలయం స్టేడియం గ్యాలరీ కింద, కిటికీ లేని గది. పైన బంతులు దబదబలాడేవి. కింద మేము టక్కుటక్కుమనేవాళ్ళం. యజమాని భానోజీరావు గారికి ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆయన తరఫున జట్టును కట్టే మేనేజరు పృథ్వీధర్, ఇస్త్రీ నలగని చొక్కాల మనిషి. ఆటగాళ్ళకు ఆట నేర్పేది ఇమ్మానుయేలు మాస్టారు.

జట్టు కట్టడమంటే ఏమిటో నేను బోర్డు మీద నుంచే నేర్చుకున్నాను. జట్టుకు పన్నెండుమందే. వాళ్ళ జీతాలన్నీ కలిపినా లీగు గీసిన గీత దాటకూడదు. దాటిన జట్టు ఆడదు. పొడగరి ఒకడికి ఎక్కువ పోస్తే, ఇంకొకడి కంచం ఖాళీ కావాలి. అలాగని అందరూ పొడగరులే అయితే బంతిని నడిపేవాడు ఉండడు. అందరూ నడిపేవాళ్ళే అయితే బుట్ట కింద నిలబడేవాడు ఉండడు. అందుకే పృథ్వీధర్ మాకు రంగులు పంచాడు. బంతి నడిపే గార్డులకు పసుపు, దూసుకుపోయే ఫార్వర్డులకు ఎరుపు, బుట్ట కింద నిలిచే సెంటర్లకు నీలం. పేరు రాసిన చీటీ కింద, రంగు పైన.

అతను గుమ్మం దాకా వెనక్కి నడిచి, కళ్ళు చిట్లించి బోర్డును చూసేవాడు. అక్కడి నుంచి పేర్లు కనిపించవు, రంగులే కనిపిస్తాయి.

"దగ్గరికొచ్చి సూడండి సార్, అందరూ మన పిల్లలే," అన్నారు మాస్టారు ఒకసారి.

"పేరు చదివితే మొహం గుర్తొస్తుంది మాస్టారూ. మొహం గుర్తొస్తే జట్టు కట్టలేం."

అందుకే ఆ గదిలో పేరు పెట్టి ఎవరినీ పిలవరు. రెండో ఎరుపు అనేవారు, చివరి నీలం అనేవారు. నేనూ ఆ గదిలో పెరిగినదాన్నే కనుక, నా కిందికి వచ్చిన మనిషి పేరు మీకు ఇప్పుడే చెప్పను.

అతను ఫార్వర్డు. పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. అతని మీద ఉండవలసిన ఎర్ర బిళ్ళ ఒకనాడు జారి, ఇనుప బీరువా వెనక్కి పోయి, అక్కడే అతుక్కుంది. బీరువాను జరపడానికి ఎవరికీ ఓపిక లేదు. పృథ్వీధర్ చేతికి అందిన నన్ను తీసి ఆ చీటీ మీద పెట్టి, "తర్వాత మారుద్దాంలే," అన్నాడు. నా కింద ఒక బతుకు ఉన్న సంగతి ఆ తర్వాతే తెలిసింది.

సాధన ముగించుకుని, చెమటతో, అతను మాస్టారి వెంట గదిలోకి వచ్చాడు.

"మాస్టారూ, ఈ యేడు నానుంటానా? సర్కారు ఉజ్జోగం వదిలీసొచ్చీసేను. ఆటగాళ్ళ కోటాలో ఇచ్చిందది. మళ్ళీ రమ్మంటే రాదు. ఎనక్కెళ్ళడానికి దారి నేదు నాకు."

"ఉన్నావు కదరా, బోర్డు మీద సూడు."

"పసుపెట్టేరేటి? నాను బంతి తోలీవోణ్ణా?"

"పెళ్ళికొడుకులాగున్నావులే, ఊరుకో," అని మాస్టారు అతని వీపు మీద చరిచారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే అతను వేలితో నన్ను ఒకసారి నొక్కి చూశాడు, ఊడిపోనని తేల్చుకోవడానికి.

జట్ల నమోదుకు ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం ఫోను మోగింది. ఏడడుగుల సెంటరు ఒకడు వేరే జట్టుతో పేచీ పడి బయటికి వచ్చాడు. ఎవరు ముందు పిలిస్తే వాళ్ళకు దొరుకుతాడు. పృథ్వీధర్ మొహం వెలిగింది. ఏడడుగులు రావాలంటే గీత కింద ఖాళీ కావాలి. అతను గుమ్మం దాకా నడిచాడు. కళ్ళు చిట్లించాడు.

"పసుపులు ఎక్కువైపోయాయి," అన్నాడు తనలో తాను. "ఎరుపులు ముందే తక్కువ. వాటి జోలికి వద్దు."

వచ్చి నన్ను తీశాడు. ఏ చప్పుడూ కాలేదు. నా కింది పేరును కంప్యూటరులో, లీగుకు పంపే తొలగింపుల జాబితాలో, అక్షరం అక్షరం చూసి కొట్టాడు. కొడుతూ కూడా చదవలేదు. వేరే చీటీ మీద ఇంకొక పేరు రాసి, దాని మీద నీలి బిళ్ళ పెట్టాడు. గుమ్మం నుంచి చూసుకున్నాడు. బోర్డు రంగవల్లిలా ఉంది.

సాయంత్రం కాకముందే ఆ ఫార్వర్డూ మాస్టారూ పరుగున వచ్చారు.

"సార్, నన్ను తీసీసేరంట?"

"గార్డులు ఎక్కువయ్యారయ్యా. బ్యాలెన్సు కుదరాలి కదా."

"నాను గార్డుని కాను సార్. ఫార్వర్డుని."

పృథ్వీధర్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు బీరువా వైపు చూశారు. "ఎర్ర బిళ్ళ దాని ఎనకాల పడిపోయింది సార్. తర్వాత మారుద్దామని మీరే అన్నారు."

తప్పు దిద్దడానికి గంట సమయం ఇంకా ఉంది. పృథ్వీధర్ భానోజీరావు గారికి ఫోను కలిపి, మాట అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టాడు. రంగు పొరబడి ఫార్వర్డును తీశామని, అతన్ని ఉంచి గార్డుల్లో చివరివాణ్ణి తీస్తే లెక్క సరిపోతుందని వినయంగా చెప్పాడు.

"ఆ ఆఖరోడు మా అక్క కొడుకయ్యా," అంది ఫోను. "ఆణ్ణి తీసీసి మా అక్కకి మొహం ఎలా సూపించమంటావు?"

"మరి పొరపాటు..."

"జరిగిపోయింది కదా. దాన్నే ఒప్పు సేసీ."

ఫోను ఆగింది. పృథ్వీధర్ చొక్కా చేతులు సర్దుకున్నాడు. మనుషులకు తప్పు తెలిసిన క్షణం చాలా చిన్నది. ఆ తర్వాత వచ్చేది అవసరం, దానికి ఎంత చోటైనా సరిపోదు.

"ఆఖరి రోజు ఎవరినైనా తీస్తే లీగు ఒక వీడియో అడుగుతుంది," అన్నాడు. "ఇష్టపడి తప్పుకుంటున్నానని చెప్పాలి. చివర్లో పేరు. అంతే."

"ఇష్టం నేదు కదా సార్."

"అలాగైతే మోకాలు బాగోలేదని రాసి పంపుతాం. మోకాలు పోయిన ఫార్వర్డును ఏ జట్టూ పిలవదు. ఇష్టంతో వెళ్ళినవాణ్ణి వచ్చే ఏడు ఎవరైనా పిలవచ్చు."

"నా మోకాలు బాగానే ఉంది."

"మేం రాసేదాకా బాగానే ఉంటుంది."

అతను మాస్టారి వైపు తిరిగాడు. "మీరేనా సెప్పండి మాస్టారూ." మాస్టారి పేరు కూడా బోర్డు అంచున ఒక తెల్ల బిళ్ళ కింద ఉంది. ఆయన దాన్ని చూడకుండా నేలను చూశారు. "సెప్పీరా," అన్నారు. "వచ్చే యేడు సూద్దాం."

ఆ ఏడు జట్టు గెలిచిందా అని మీరు అడుగుతారు. గెలిచింది. కప్పు తెచ్చి ఆ గదిలోనే నీళ్ళలా కూల్‌డ్రింకులు పోసుకున్నారు. మరుసటి ఏడు బోర్డు పోయి గోడకు పెద్ద తెర వచ్చింది. నేను ఇప్పుడు ఒక పాత సామాను కొట్లో, తుప్పు పట్టిన తలుపుకు అతుక్కుని ఉన్నాను. నా కింద ఏ చీటీ లేదు. అయినా తలుపు పట్టు వదలను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఎవరినీ పట్టుకోవాల్సిన పని లేనప్పుడే ఆ సాయంత్రం తలపుకు వస్తుంది.

పృథ్వీధర్ ఫోనును పైకెత్తి పట్టుకున్నాడు. ఆ ఫార్వర్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పొడుగ్గా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మొదటిసారి ఫోను వైపు కాకుండా బోర్డు వైపు చూశాడు. రెండోసారి మాట తడబడింది. మూడోసారి, పల్లె యాసను పక్కన పెట్టి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా మొదలుపెట్టాడు.

"నేను నా ఇష్టపూర్వకంగానే ఈ జట్టు నుంచి తప్పుకుంటున్నాను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. ఇట్లు..."

ఆగిపోయాడు.

"పేరయ్యా, పేరు," అన్నాడు పృథ్వీధర్, ఫోను దించకుండానే. "గట్టిగా చెప్పు."

"పైల సింహాచలం."