ముక్కుమామ చెప్పిన మాట

అప్పటికే రెండు క్యాన్లు గంగాళంలోకి ఒంపేశాడు ముక్కుమామ. మూడోదాని మూత తీసి, మీసాలు పాలకు తగులుతాయేమో అన్నంతగా వంగి, కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. ఆ పీల్చడంలో దర్జా ఏమాత్రం తగ్గలేదు. లోపలికి వెళ్లింది మాత్రం ఉత్త గాలి.

పాలు విరగ్గొట్టి, తేట పిండి, పనీరు ముద్దలు కట్టి బజారుకు పంపే ఆ షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా అతనికి అదే పేరు. ఒకప్పుడు మూత ఎత్తగానే ఆవు ఏ గడ్డి మేసిందో చెప్పేవాడు. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనలన్నీ మూటకట్టుకుని పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని ముక్కుమామకు గంగాళం దగ్గరేం పని? క్యాన్లు మోసి బతుకుదామంటే నడుము ఏనాడో చేతులెత్తేసింది.

కనిపెట్టింది ఒక్కతే, భార్య చెల్లెలు. వెనక తొట్టి దగ్గర తేట పిండే గుడ్డలు ఉతికేది ఆమే. ఓ రోజు పులిసిపోయిన క్యాను మీద వంగి అతను తృప్తిగా తలాడిస్తుంటే చూసింది.

"బావా, ఇక నీ ముక్కు కళ్లజోడు పెట్టుకోవడానికే" అని నవ్వింది.

మర్నాటి నుంచి పాలబండి వచ్చే వేళకు ఏదో వంకన అక్కడే తచ్చాడేది. పాలు బాగుంటే ఊరుకునేది. తేడాగా ఉంటే దగ్గేది.

ఈ పొద్దున ఆమె ఇంకా రాలేదు. బండివాడు తొందరపెట్టాడు.

"ఏం మామా, వాసన చూస్తున్నావా, కునుకు తీస్తున్నావా?"

కాసేపు ఆగరా అనడానికి పౌరుషం అడ్డొచ్చింది. మూడోదీ ఒంపేశాడు.

ఇక చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అడుగంటకుండా తెడ్డుతో గీస్తూ పొంగు రానిచ్చి, మంట ఆర్పి, మీగడ ముడతలు పడేదాకా ఓపిక పట్టాడు. మరుగుతుండగానే పులుపు పోస్తే ముద్ద రబ్బరులా సాగుతుంది. నిన్నటి పులిసిన తేటను తెడ్డు వీపు మీదుగా సన్నగా జార్చాడు. పాలు ఒక్కసారి ఉలిక్కిపడి విడిపోయాయి. తెల్లటి తునకలు ఒకవైపు, లేత ఆకుపచ్చ తేట ఒకవైపు. ఇన్నేళ్లయినా ఆ క్షణానికి అతని ఒళ్లు పులకరిస్తుంది.

అప్పుడు వచ్చింది మరదలు, ఉడకబెట్టి ఆరేసిన పలచటి గుడ్డలు భుజాన వేసుకుని. గంగాళం దగ్గర ఆగి దగ్గింది. ఆగకుండా దగ్గింది.

"క్యాను సబ్బుతో కడిగి, సరిగా తొలవకుండా పాలు పోశారెవరో. పారబోయ్ బావా" అంది మెల్లగా.

పారబోస్తే ఎందుకని అడుగుతారు. ముందే ఎందుకు చూసుకోలేదని అడుగుతారు.

"ఆవిరికి పోతుందిలే" అని, ఆమె భుజం మీది గుడ్డలు లాక్కుని తునకలు తోడాడు. కొసలు ముడివేసి బరువు కింద పెట్టాడు.

మధ్యాహ్నం యజమానురాలు ముద్ద కొస తుంచి నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేసింది.

"ఇది తినడానికా, స్నానానికా? పాలు చూసుకున్నావా మామా?"

షెడ్డులో చేతులన్నీ ఆగాయి.

"పాలు కమ్మగానే ఉన్నాయమ్మా."

ముక్కుమామ బాగున్నాయన్నాక ఇక ఎవరూ పాల జోలికి పోరు. అందరి చూపూ గుడ్డల మీద పడింది. ఆ గుడ్డలను ఆమె వేడినీళ్లూ ఉప్పుతోనే ఉతుకుతుందని, సబ్బు తగలనివ్వదని అతనికి తెలుసు. నేల చూపులు చూస్తూ, "ఉతికేటప్పుడు చూసుకోవాలి మరి" అన్నాడు.

మరదలు అతని వంక ఒకే ఒక్కసారి చూసింది. నోరు విప్పితే చాలు, అతని పని అయిపోయేది.

"పొరపాటైందమ్మా" అంది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు" అంది యజమానురాలు.

పొద్దు వాలుతుండగా సంచి చంకన పెట్టుకుని వచ్చింది మరదలు. అతను గంగాళం తోముతున్నాడు. తోమిందే తోముతున్నాడు.

"బావా, రేపెవరు దగ్గుతారు నీకు?"

"నేను అమ్మగారితో..."

"ఆ, చెప్పావులే. అక్కతో మాత్రం మోకాళ్ల నొప్పులకు నేనే మానేశానని చెప్పు. నిన్ను తిడుతుంది లేకపోతే."

వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు వినబడినంతసేపూ తోముతూనే ఉన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని యజమానురాలి గది దాకా నడిచాడు.

"ఏం మామా?"

నిజం చెప్పేద్దామనే వచ్చాడు.

"రేపు బండి ఎన్నింటికమ్మా?" అన్నాడు.

"రోజూ వచ్చే వేళకే."

తలూపి వెనక తొట్టి వైపు వెళ్లాడు. అక్కడ కారుతున్న కొళాయికి, ఉతికేటప్పుడు ఆమె వేసుకునే ఎడమచేతి రబ్బరు తొడుగు తగిలించి ఉంది. అయిదు వేళ్లూ నీళ్లతో ఉబ్బాయి. బొటనవేలి దగ్గర సైకిలు ట్యూబు ముక్కతో వేసిన అతుకు నుంచి ఒక్కో చుక్కా తొట్టిలోకి జారుతోంది.