గోడ మీది కత్తెరలు

"మీ అంతట మీరే పని మానేశారని మీ కంపెనీ చెప్పింది. మానేసినవాళ్ళకి భృతి రాదు."

నిరుద్యోగ భృతి ఆఫీసులో కిటికీ వెనక అమ్మాయి ఆ మాట మెల్లగానే అంది. అయినా వరసలో నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. లోవీనాకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెళ్ళి కాకముందు నుంచీ చేపలు కోసిన మనిషి ఆమె. జ్వరమొచ్చినా పనికి రానన్న పాపాన పోలేదు. నేను మానలేదమ్మా, ఫ్యాక్టరీయే వెళ్ళిపోయింది అని చెప్పబోయింది. ఆ పిల్ల అప్పటికే వెనకనున్న మనిషిని పిలిచింది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరానికి చిట్టచివరనున్న ఆ ఊరికి ఉన్నదల్లా ఒక్క చేపల డబ్బాల ఫ్యాక్టరీ. ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా నిలబడి, కత్తెరతో సార్డీన్ చేపల తలలూ తోకలూ కత్తిరించి డబ్బాల్లో పేర్చేవారు. ఎవరి కత్తెర వాళ్ళదే. పొద్దున్నే వేళ్ళకి పట్టీలు చుట్టుకుని, కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరేవారు. ఎవరైనా పని మానుకుంటే, మొగుడితో వేరే ఊరు పోతున్నా సరే, కీళ్ళు పట్టేసి ఇంట్లో కూర్చోబోతున్నా సరే, చివరి రోజు తన కత్తెరని తలుపు పక్క గోడకి మేకు కొట్టి తగిలించి పోవాలి. అది అక్కడి ఆచారం.

ఎండాకాలం చివర యజమానులు ఫ్యాక్టరీని దక్షిణాన మరో రాష్ట్రానికి ఎత్తుకుపోయారు. అక్కడ కూలి చవక. యంత్రాలు లారీలెక్కాక మేనేజరు విట్నీ బల్ల మీద నిలబడి, అక్కడ మీకందరికీ పని ఉంది, ఇష్టమున్నవాళ్ళు రావచ్చు అని నవ్వుతూ చెప్పాడు. తెల్లవారుజామున కారెక్కితే పొద్దుగూకినా చేరని చోటది. ఇళ్ళనీ, మొగుళ్ళ పడవలనీ, మంచాన పడ్డ ముసలివాళ్ళనీ వదిలి ఎవరు పోతారు? ఆ సాయంత్రం బల్లలు కడిగాక లోవీనాకి దుఃఖం ఆగలేదు. వెళ్ళి తన కత్తెరని గోడకి తగిలించింది. ఆమె వెనకే అందరూ తగిలించారు. విట్నీ దగ్గరుండి ఫోటో తీసుకున్నాడు. జ్ఞాపకానికి కాబోలు అనుకున్నారు పిచ్చితల్లులు.

భృతి ఆఫీసు నుంచి వచ్చాక లోవీనా తలుపేసుకుంది. మొగుడు పడవతో సహా మునిగిపోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళూ ఆమెకి ఒంటరితనం తెలియలేదు. బల్లకి అటూ ఇటూ రోజంతా మాటలే, తిట్లే, పాటలే. ఇప్పుడు పొద్దున్నే పనికి పిలిచే ఫ్యాక్టరీ కూత లేదు. రెండు కప్పులు కాఫీ పోసి, రెండోది ఎవరికి పోశానా అని చూసుకునేది. హీటరులో నూనె ఆదా చెయ్యడానికి వంటింట్లోనే కోటు కప్పుకుని పడుకునేది. భృతి రాకపోతే చలి ముదిరేలోపు ఇల్లు అమ్ముకుని, ముక్కూ ముఖం తెలియని ఊరికి పోవాలి. దానికంటే మరో బాధ ఆమెని తినేసింది. అందరికీ వచ్చి ఉంటుంది, తనకొక్కతెకే రాలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఎవరితోనూ అనలేదు.

శనివారం సాయంత్రం చర్చి కింది హాల్లో ఎప్పటిలాగే ఊరందరికీ బీన్స్ భోజనం పెట్టారు. ఒకప్పుడు చెవులు గింగురుమనే ఆ హాల్లో చెంచాల చప్పుడు తప్ప మరేమీ లేదు. అందరూ తలలు వంచుకునే తింటున్నారు. చివరికి డార్లా ఉండబట్టలేక లేచింది. వయసులో చిన్నది, నోరు పెద్దది.

"నాకు భృతి రాలేదు. ఇంకెవరికి రాలేదో సిగ్గుపడకుండా చెయ్యెత్తండి," అంది.

ఒక చెయ్యి లేచింది. తర్వాత మరొకటి. చూస్తుండగా బల్లలన్నీ చేతులే. లోవీనా అందరికంటే చివర ఎత్తింది. పక్క మనిషి కూడా తనలాగే చీకట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చిందని అప్పుడు తెలిసింది వాళ్ళకి. విట్నీ తీసిన ఆ ఫోటో భృతి ఆఫీసుకి చేరిందని, అక్కడ నిలదీస్తే బయటపడిందని డార్లా చెప్పింది. మేం పని ఇస్తామన్నాం, వాళ్ళే కత్తెరలు తగిలించి మానేశారు, దాని అర్థమేమిటో ఆ ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఇదీ యజమానుల వాదన. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

హాలు భగ్గుమంది. ఎథెలిన్ అనే ఆవిడ లోవీనా వైపు వేలు చూపింది.

"ముందు తగిలించింది ఈ మహాతల్లే. ఈవిడ వెనక మనం గొర్రెల్లా పోయాం."

కొందరు ఔనన్నారు, కొందరు ఎథెలిన్‌ని నోరు ముయ్యమన్నారు. గొడవ చేస్తే కంపెనీ మళ్ళీ ఎప్పటికీ పిలవదని ఒకావిడ గొణిగింది. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు నిన్ను పిలవడానికొస్తాడా అని డార్లా ఆవిడ మీద విరుచుకుపడింది. లోవీనా లేచి నిలబడేసరికి అరుపులు ఆగాయి.

"ఎథెలిన్ అన్నది నిజమే. ముందు తగిలించింది నేనే. ముందు తీసేదీ నేనే," అంది.

సోమవారం పట్టపగలు అందరూ ఫ్యాక్టరీ ముందు పోగయ్యారు. తలుపుకి తాళం. దాని ముందు పోలీసు కార్ల్‌టన్ నిలబడ్డాడు. చిన్నప్పుడు లోవీనా ఇంట్లో తిని పెరిగినవాడు.

"లోపల ఉన్నదంతా కంపెనీ సొత్తు పిన్నీ. అడుగు పెడితే నిన్ను పట్టుకుపోవాలి. లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీలేరా. నువ్వే మానేశావని ఫోటో తీసి పంపుతార్లే."

జనం గొల్లుమన్నారు. కార్ల్‌టన్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చేపలు దించే వైపు పాత తలుపుకి అందరూ భుజాలు ఆనించి తోశారు. లోవీనా తన కత్తెర తీసుకుంది. ఒక్కొక్కరే వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. నిజంగా పని మానుకుని వెళ్ళిన పాతవాళ్ళ కత్తెరలు తుప్పు పట్టి అక్కడే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టలేదు.

కంపెనీ ఫిర్యాదు లోవీనా ఒక్కదాని మీదే వచ్చింది. గుంపులోంచి ఒకరిని విడదీస్తే మిగతావాళ్ళు చెదిరిపోతారని వాళ్ళ లెక్క. ఆమెని లాకప్‌లో పెట్టారు. కత్తెర సాక్ష్యమని లాక్కున్నారు. సొంత ఇంట్లో లాగే ఇక్కడా ఒక్కతే. ఆ రాత్రి ఆమె గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

భృతి కాదన్నందుకు ఆమె పెట్టుకున్న అప్పీలు మీద మర్నాడు పొద్దున విచారణ. ఆ విచారణలన్నీ ఫోన్‌లోనే జరుగుతాయి, ఎవరికి వాళ్ళే, ఎవరి వంటింట్లో వాళ్ళే. కార్ల్‌టన్ స్టేషను ఫోను తెచ్చి కటకటాల్లోంచి అందించాడు. అటువైపు విచారణ అధికారి, మరో లైన్లో విట్నీ.

కత్తెర మీరే తగిలించారా అని అధికారి అడిగాడు. తగిలించానంది. ఇష్టపూర్వకంగానేనా అన్నాడు.

"చావింట్లో ఏడ్చినవాళ్ళని ఇష్టపూర్వకంగా ఏడ్చావా అని అడుగుతారా బాబూ? పని మానేసినవాళ్ళు ఊరు వదిలి పోతారు, లేదా ఇంట్లో కూర్చుంటారు. మేం పని కోసం ఇక్కడే నిలబడి ఉన్నాం. పోయింది వాళ్ళు."

విట్నీ ఏదో అనబోయాడు. అంతలో కిటికీ బయట చప్పుడు మొదలైంది. టకటక, టకటక. ముందు ఒక్క కత్తెర, తర్వాత బోలెడు. బల్లల దగ్గర పని జోరందుకున్నప్పటి చప్పుడే. అందరికంటే ముందు ఎథెలిన్ గొంతు ఆమె పేరు పెట్టి పిలుస్తోంది.

"ఏమిటా చప్పుడు? అక్కడ ఇంకెవరున్నారు?" అన్నాడు అధికారి.

"పని మానని వాళ్ళు," అంది లోవీనా. "రేపటి నుంచి వాళ్ళ విచారణలకి కూడా ఈ నంబరుకే ఫోన్ చెయ్యండి. మేమంతా ఇక్కడే ఉంటాం."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, కత్తెర లేని చేతి వేళ్ళు రెంటినీ బయటి చప్పుడుతో కలిపి ఆడించసాగింది.