వంచిపట్టిన అద్దం

కత్తెర ఆడుతున్నంతసేపూ సెలూనతని నోరూ ఆడుతూనే ఉంటుంది. వీధిలో ఎవరింట ఏ గొడవ జరిగినా సాయంత్రానికి ఆ కుర్చీ దగ్గర తేలాల్సిందే. కాని కూర్చున్నవాళ్ల తల గురించి మాత్రం ఒక్క ముక్క అనడు. బట్టతలైనా, పుండైనా, పేలైనా చూసీ చూడనట్టు దువ్వెయ్యడం తండ్రి నేర్పిన మర్యాద. చివర్లో వెనక అద్దం పట్టి చూపించేటప్పుడు, లోపమున్న చోటు కనిపించకుండా మణికట్టు కాస్త వంచుతాడు. అందరూ బాగుందనే లేస్తారు.

ఆ ఉదయం కుర్చీ దులుపుతుండగా వాచీల బాబాయ్ వచ్చాడు. వాచీలు బాగుచేసే ఆ పెద్దాయన కనబడి చాలా నెలలైంది. నెత్తిన ఉన్ని టోపీ. అది తీయగానే సెలూనతని నోరు మూతపడింది.

నడినెత్తి మీది క్యాన్సర్ పుండును ఎముకదాకా కోసి తీసేశారట. పక్క చర్మాన్ని జుట్టుతో సహా జరిపి అక్కడ కప్పారు. ఆ చర్మం జరపడంతో ఖాళీ అయిన చోట తొడ చర్మం అతికించారు. ఆ అతుకు అరచేయంత, ఎర్రగా, నున్నగా ఉంది. జరిపిన జుట్టేమో ఎదురు తిరిగి నుదుటి మీదికి పెరుగుతోంది.

"అతుకు జోలికి పోకుండా ఎలా కత్తిరిస్తావో నీ ఇష్టమోయ్," అన్నాడు బాబాయ్. "ముందే వస్తే చిన్న కోతతో పోయేదట. మీ జుట్టు కత్తిరించేవాడు చూడలేదా అన్నాడు డాక్టరు. నాకు ఒళ్లు మండింది. మావాడు చూస్తే చెప్పకుండా ఉంటాడా అని గట్టిగా దెబ్బలాడాను."

సెలూనతనికి తల కొట్టేసినట్టయింది. మొదట ఆ పుండు పెసరగింజంత పొలుసు. దువ్వెన తగిలి నెత్తురు చెమర్చిన రోజున దూదితో అద్ది, కబుర్లు చెబుతూనే దానిమీదికి జుట్టు దువ్వేశాడు. బాబాయ్‌కి ఇంట్లో నెత్తి చూసేవాళ్లెవరూ లేరు. చూసినవాడు తనొక్కడే.

కటింగయ్యాక అద్దం పట్టాడు. మణికట్టు దానంతటదే వంగింది.

"సరిగ్గా పట్టవోయ్. ఎన్నాళ్లు దాచుకుంటాను?"

నిటారుగా పట్టాడు. బాబాయ్ చాలాసేపు చూసి, "అంత ఘోరంగా లేదులే," అన్నాడు.

ఊఁ అనేస్తే ఆ పూటకి గడిచిపోయేది.

"నేను చూశాను బాబాయ్. ఆ పుండు. మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాను. మీరు నొచ్చుకుంటారని అద్దం పక్కకి వంచేవాణ్ణి."

బాబాయ్ చెయ్యి వెనక్కి చాచి అద్దం తీసుకున్నాడు. వంచాడు, అతుకు మాయమైంది. నిలబెట్టాడు, కనిపించింది. మరోసారి వంచి చూశాడు.

"డాక్టరుతో అనవసరంగా దెబ్బలాడాను," అని లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఎప్పుడూ "వస్తానోయ్" అనేవాడు. ఈసారి అనలేదు. ఆ తర్వాత ఆ గుమ్మం ఎక్కనూ లేదు.

ఆ రోజు ఆయన వదిలేసి వెళ్లిన అద్దం కుర్చీలో బోర్లా పడి ఉంది. ఎప్పుడూ ఒకే పక్కకి బొటనవేలు నొక్కి నొక్కి, దాని పిడికి ఆ ఒక్కవైపే రంగు పోయి నున్నబడింది.