రొయ్య ఒంట్లో ఇంజను

ఉప్పు వేస్తే ముప్పు తప్పుతుందని మా బావ బుల్లబ్బాయి గారు రొయ్యల చెరువులో బస్తాలకు బస్తాలు కుమ్మరించారు. పెనుగొండ దగ్గర వరిచేను తవ్వించి, బోరు నీళ్లు నింపిన చెరువు. మీటరు పెడితే ఉప్పు బాగానే ఉందంటోంది. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లేపితే మాత్రం రొయ్యలు కొడవళ్లలా వంగి, మళ్లీ సాగడం లేదు.

“సాయంత్రం వల వేయించేస్తానే. వేలెడైనా ఎదగలేదు గానీ, చచ్చాక పట్టేకంటే నయం,” అన్నారు బావ.

మా అక్క మాణిక్యాంబ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని చూసింది.

“నీళ్లలో ఉప్పుంది కదండీ, మరి దీనికేం లోటు?”

“అది నువ్వే చెప్పాలి టీచరమ్మా.”

“చెరువులో కంటే దీని రక్తంలో ఉప్పెక్కువ. కాలవ నీళ్లు మెరక చేలోకి వాటంతటవే ఎక్కుతాయా?”

“ఇంజను పెట్టాలి.”

“దీని మొప్పల్లో కణం కణానికీ అలాంటి ఇంజన్లే. సోడియం మూడు రక్తంలోకి తోస్తే, పొటాషియం రెండు కణంలోకి లాక్కోవాలి. ఆ పొటాషియం దొరక్కపోతే ఇంజను తిరగదు, ఒళ్లిలా కొంకర్లు పోతుంది. మీరు వేసిందంతా సోడియమే.”

“అంటే, పంపు పంపాలంటే దానికీ ఎదురు పంపాలన్నమాట,” అన్నాను.

“పొటాషియమంటే మన పొటాష్ ఎరువేనా? అది అరటికి తెచ్చింది,” అన్నారు బావ. “మొక్కల మేత రొయ్యలకేంటే?”

“టబ్బులో చూద్దాం.”

రెండు టబ్బుల్లో చెరువు నీళ్లే పోసి, వంగిన రొయ్యల్ని వేశాం. ఒకదాంట్లో అక్క చిటికెడు పొటాష్ కలిపింది. గాలి అందకపోతే ఏ ఇంజనూ తిరగదంటూ నా చేతికి చెంబిచ్చింది. రెండింట్లోనూ తోడి పొయ్యడం, పోసి తోడడం. చెరువు గట్టున బరువు పని.

“అక్కా, నా ఇంజనుకి గారెలు పడాలే.”

గారెలు వచ్చాయి, ఎండ వాలింది. ఉత్త నీళ్ల టబ్బులో కొడవళ్లు కొడవళ్లలాగే ఉన్నాయి. పొటాష్ టబ్బులో కొన్ని ఇంకా వంగే ఉన్నా, ఒకటి నిటారుగా సాగి, తోక కొట్టి నా కళ్లజోడు తడిపింది.

బావ వల వేసే సత్తియ్యకు ఫోన్ చేశారు. “ఇవాళ రావద్దయ్యా. లేదు, ఇంకోడికి చెప్పలేదు.”

తర్వాత టబ్బు ముందు చతికిలబడ్డారు. “మన ఒంట్లోనూ ఇవేనా?”

“ఇవేనండి.”

“పడుకున్నప్పుడూ తిరుగుతాయా?”

“ప్రాణమున్నంత సేపూ.”

బావ కాసేపు నా వైపు చూశారు. “అయితే మీ తమ్ముడు పుట్టాక ఏ పనీ చెయ్యలేదని ఇన్నాళ్లూ అన్యాయంగా అన్నానే. లేవోయ్ బావమరిదీ, ఆ అరటితోట బస్తా ఓ చివర పట్టు.”