ఉప్పు తాకిన చేతులు

భోపాల్‌పట్నంలో ఈశ్వరరావు సేటు చింతపండు షెడ్డు పొద్దున్నే తెరుచుకునేది. ఆడవాళ్లు వరసగా కూచుని గింజలు తీసేవాళ్లు, మధ్యాహ్నం జావ తాగేవాళ్లు, పొద్దుగూకితే కూలి తీసుకుని ఇళ్లకు పోయేవాళ్లు. వాళ్లలో బుధ్రి ఒకతి. ఆమె కూలితో ఇల్లు గడిచినన్నాళ్లు మొగుడు భీమా ఇనుప గనికి పోనక్కర్లేదు. భీమా నాయన, అన్న ఇద్దరూ గని లారీ ఎక్కి పోయినవాళ్లే. ఇద్దరూ ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇంతలో పల్లెల్లో ఇరవైమందికి పని ఇచ్చిన షెడ్డుకు ఐదేళ్లు పన్ను మాఫీ అని సర్కారు చెప్పింది. సేటు దగ్గర అంతమంది లేరు. కొత్తవాళ్లకు కూలి ఇవ్వాలంటే అతనికి ప్రాణం పోయినంత పని.

"బుధ్రీ, మీ అత్తను పిలువరాదే. గింజ తీసుడుల దేవేను మించినోళ్లు లేరు గదా" అన్నాడు.

దేవే చనిపోయిన మనిషే, అయినా అందులో వింతేమీ లేదు. కోడలు దొన్నెలో ఉప్పులేని అన్నం పెట్టి, నేలమీద రెండు చుక్కలు ఇప్పసారా వంపి పిలిస్తే చనిపోయినవాళ్లు వస్తారు. పండగలకు వస్తారు, కోతలకూ వస్తారు. దేవే మర్నాడే వచ్చి కోడలి పక్కన కూచుంది. మిగతా ఆడవాళ్లూ తమవాళ్లను పిలుచుకున్నారు. వచ్చినవాళ్లు కూలి అడగలేదు, జావ అడగలేదు. సేటుకు ఆశ పుట్టింది. షెడ్డు నిండేదాకా పిలిపించి, బతికున్నవాళ్లను ఇంటికి పొమ్మన్నాడు. మాఫీ కోసం సర్కారు నుంచి వచ్చే అధికారి లెక్కపెట్టేది తలకాయల్నే కదా.

తన కాళ్లు తనే నరుక్కున్నానని బుధ్రి కుమిలిపోయింది. ఇంట్లో తిండిగింజలు నిండుకున్నాయి.

"రేపు లారీ ఎక్కుత" అన్నాడు భీమా.

"మీ నాయన పోయిన తొవ్వనేనా?"

"మరి ఏం తిందామంటవ్?"

బుధ్రి ఖాళీ కుండను బోర్లించి పెట్టింది.

మర్నాడే అధికారి వచ్చే రోజు. పండు నల్లబడితే పరువు పోతుందని సేటు భార్య అన్నపూర్ణమ్మ, ఇంట్లో జాడీకెత్తేముందు చేసినట్టే, కుప్పలన్నిటికీ ఉప్పు పట్టించింది. పోయినవాళ్లు ఉప్పు ముట్టరు. ముట్టిన చెయ్యి కరిగిపోతుంది, ఆ మనిషికి ఇక ఎవరు పిలిచినా తిరిగొచ్చే వీలుండదు. అది తెలిసి దాదాపు అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

షెడ్డు ఖాళీ అవడం సేటు చూశాడు. పడుతూ లేస్తూ గుడిసెలకు పరుగెత్తాడు. "బతికున్నోళ్లంతా రండమ్మా, పనిలేనోళ్లందరూ రండి!"

బుధ్రి రోడ్డుకు ఉరికింది. లారీ మీద కాలు పెట్టిన భీమాను చొక్కా పట్టి కిందికి గుంజింది. "పని దొరికింది, ఇంటికి పో" అని షెడ్డుకు పరుగెత్తింది.

వాకిట్లో జీపు ఆగి ఉంది. ఖాళీ షెడ్డును చూసి ఉంటే అధికారి అప్పుడే వెనక్కి తిరిగేవాడు. కానీ లోపల ఒక ముసలామె తలెత్తకుండా పని చేస్తోంది. మిగతావాళ్లు వస్తారు కాబోలని అతను కుర్చీలో కూచుని చాయ్ తాగుతున్నాడు.

దేవే చేతులు మణికట్టు దాకా లేవు. మిగిలిన మొండి చేతులతోనే పండు నొక్కుతోంది.

"అత్తా, ఇగ లే. నేనొచ్చిన."

"నా పిలగాడు లారీ ఎక్కిండా?"

"లేదు. దింపిన."

దేవే లేచి, కోడలికి చోటిచ్చి, పెరటి వైపు నడిచి వెళ్లిపోయింది.

గుడిసెల నుంచి వచ్చిన ఆడవాళ్లను అధికారి లెక్కపెట్టుకున్నాడు. ఇరవై దాటారు. "ఐదేళ్లలో ఈ మనుషుల్లో ఒక్కరిని తీసేసినా మాఫీ పోతుంది సేటు" అన్నాడు. సేటు చేతులు కట్టుకుని సరే సరే అన్నాడు.

సాయంత్రం బుధ్రి కూలితో బియ్యం తెచ్చి వండింది. భీమా దొన్నె కుట్టి తెచ్చి ముందు పెట్టాడు.

"అమ్మను పిలువు. ఒక ముద్ద తిని పోతది" అన్నాడు.

బుధ్రి దొన్నె వైపు చూస్తూ కూచుంది. ఉప్పు ముట్టిన అత్త ఇక రాదని భీమాకు ఇంకా తెలియదు.