శుక్రవారం పెట్టిన మీటింగు

బహుశా వాళ్ళకు నెట్ అందడం లేదేమో, ఎడారిలో నెట్ ఏముంటుందిలే అనుకుంది సెరీనా, అనుకున్న మరుక్షణమే తన మీద తనకే నవ్వొచ్చింది, మస్కట్‌లో వాళ్ళ ఆఫీసు అద్దాల మేడలో ఉంది, అక్కడి నెట్ సిడ్నీ శివార్లలోని ఈ స్కోఫీల్డ్స్ ఇంటి నెట్ కన్నా వెయ్యి రెట్లు నయం, ఇక్కడ వంటింట్లో మైక్రోవేవ్ తిరిగితే చాలు మనిషి బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోతుంది, అయినా ఆగిపోవడానికి అవతల ఎవరైనా ఉంటేగా, తెర మీద ఉన్నది తన ముఖం ఒక్కటే, పెదాలకు రంగు, పైన బ్లేజరు, కింద పైజమా, ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో లోకమంతా నడుం దాకానే ఉద్యోగం చేస్తుంది, నాలుగింటికి పెట్టిన మీటింగు, అక్కడ పొద్దున పది, కాఫీ తాగి స్థిమితంగా కూర్చునే వేళ అని చూసుకుని మరీ పెట్టింది, రంజాన్ ఎప్పుడో చూసింది, బక్రీదు ఎప్పుడో చూసింది, అక్కడి పెద్దాయన వేసవి సెలవులకు ఎప్పుడు వెళ్తాడో కూడా చూసింది, ఇంకా ఏదో చూడలేదు, అదేమిటో నాలుక చివర ఉన్నట్టే ఉండి అందడం లేదు, పోనీలే, వాళ్ళు ఎంత ఆలస్యమైతే అంత మంచిది, వస్తే ఆ మాట చెప్పాలి కదా, మీ సోలార్ ప్లాంటు దగ్గర మా కంపెనీ తరఫున రెండేళ్ళు ఉండే మనిషి నేను కాదు, క్షమించండి, వేరే ఎవరినైనా పంపిస్తారు అని.

వద్దనడం అంత కష్టమేం కాదు, పొద్దున అద్దం ముందు అని చూసుకుంది కూడా, కష్టమల్లా ఎందుకని అడిగినప్పుడే, మేనేజర్ గ్రెగ్ అడిగాడు, నో ప్రెషర్, బట్ దిస్ ఆర్వో, అంటే ఈ మధ్యాహ్నమే, ఏదో ఒకటి తేల్చేయ్, నువ్వే వాళ్ళతో మాట్లాడి నువ్వే చెప్పు అన్నాడు, ఈ దేశంలో నో ప్రెషర్ అన్నారంటే పీక మీద కత్తి పెట్టినట్టే, అతని బాధ అతనిది, ఇక్కడి నర్సులూ లారీ డ్రైవర్లూ రిటైరయ్యాక తీసుకునే సూపర్ అనే పింఛను డబ్బు తమ కంపెనీవాళ్ళు తీసుకెళ్ళి ఒమాన్ ఇసుకలో పలకలుగా పరుస్తున్నారు, ఇసుకగాలి వీచిన మర్నాడు ఆ పలకలు తుడిచారా లేదా, కరెంటు తీగలు అనుకున్న చోటిదాకా లాగారా లేదా, కళ్ళారా చూసి చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉండొద్దూ, ఆ ప్లాంటు ఒట్టి ఆలోచనగా ఉన్ననాటి నుంచి దాన్ని సాకింది తనే, మూడేళ్ళుగా ఆఫీసులో ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పింది, చమురు తీసి బతికిన దేశాలు ఇప్పుడు ఎండ తీసి బతకాలని చూస్తున్నాయి, సగం కరెంటు ఎండలోంచీ గాలిలోంచీ తీస్తామని ఒకరంటే, మిగిలిన ఎండతో హైడ్రోజన్ చేసి ఓడలకెక్కిస్తామని ఇంకొకరంటున్నారు, అన్నదంతా జరుగుతుందా అంటే జరగదు, జరిగేదేదో మాత్రం అక్కడే జరుగుతుంది అని, ఆ మాటలు చెప్పేటప్పుడు నీ గొంతు మారిపోద్ది అంటాడు మెల్విన్, మొగుడికి పెళ్ళాం గొంతు మీద ఇంత ధ్యాస ఉండకూడదు, మెల్విన్ వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు, ఇద్దరిదీ గోదావరి పక్కే, అతని సూపర్ డబ్బు కూడా ఆ ఇసుకలోనే పడింది, వెళ్ళు, ఇక్కడ నయోమిని నేను చూసుకోలేనా, అత్తయ్యగారు ఉండనే ఉన్నారు, సెలవులకి మేం వస్తాం, నువ్వొస్తా ఉంటావు అన్నాడు, ఎనిమిదేళ్ళ పిల్లని వదిలేసి వెళ్ళమంటావా అంది తను, వదిలేయమని ఎవరన్నారు అన్నాడు, వెళ్ళడమంటే వదిలేయడమే అంది, అక్కడితో మాట ఆగిపోయింది, ఎందుకంటే వదిలేయడం గురించి మెల్విన్‌కి ఏం తెలుసు, వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళొచ్చేదాకా అన్నం కలిపి పెట్టింది.

కిటికీలోంచి వీధి అంతా నల్లటి ఇంటి కప్పులు, కప్పుల మీద ఇంకా నల్లటి పలకలు, జులై ఎండ వాటి మీద పడీ పడనట్టు పడుతోంది, దీన్ని కూడా ఎండంటారటే అంటుంది అమ్మ, అమ్మ ప్రేమలీల ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది, వచ్చిన మొదటి చలికాలమే పెరట్లో బట్ట పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది, అవి ఎండలేదు, బూజు పట్టాయి, కువైట్‌లో మేడ మీద పెడితే సాయంత్రానికి గలగలలాడేవి తెలుసా అంది, తెలీదు, తనకెలా తెలుస్తుంది, తనప్పుడు నరసాపురంలో మిషన్ హాస్టల్లో ఉంది, నాన్న పోయిన ఏడాదే అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, తనకు ఎనిమిదేళ్ళు, ఇప్పుడు నయోమికి ఉన్నన్నే, నెలకోసారి వార్డెనమ్మ గదిలో ఫోన్ మోగేది, పిల్లలంతా తలుపు దగ్గర మూగేవాళ్ళు, అన్నం తింటన్నావా, జడలేసుకుంటన్నావా, అవతల వెనకాల ఎవరో అరబ్బీలో పిలిచేవారు, ఆఁ మామా వత్తన్నా అనేది అమ్మ, ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా మామా అనే పిలవాలి, అంటే అమ్మా అని, తను ఎనిమిదేళ్ళ పిల్ల, అమ్మని అమ్మా అనడానికి నెలకోసారి వంతొచ్చే పిల్ల, అవతల తన అమ్మ ఇంకెవరినో అమ్మా అంటోంది, ఆ ఫోన్ పెట్టేశాక హాస్టల్ పిల్లలకి చెప్పేది, మా అమ్మ అక్కడ రోజూ ఏడుస్తాదే, నా కోసం ఏడుస్తాదే అని, చెప్పగా చెప్పగా అది నిజమైపోయింది, అమ్మ ఏడుపు మీదే తను ఇంజనీరింగ్ చదివింది, ఆ ఏడుపు మీదే సిడ్నీ వచ్చి యూనివర్సిటీలో చేరింది, నా బిడ్డను మాత్రం నేను వదలను అని ఒట్టు పెట్టుకున్నదీ ఆ ఏడుపు మీదే, అందుకే ఈ ఉద్యోగం మాట అమ్మకు చెప్పలేదు, గల్ఫ్ అన్న మాట వింటే ఆమెకు పాత గాయం రేగుతుంది, ఆ వయసులో ఆమెకెందుకు అదంతా.

హాల్లోంచి పాట వినబడింది, అమ్మ గొంతే, వెనకాల ఇంకా బోలెడు గొంతులు, ఫోన్లోంచి వచ్చేవి, ఒకదాని వెనక ఒకటి అరక్షణం తేడాలో పడుతున్నాయి, తలుపు సందులోంచి నయోమి తల పెట్టి, మామ్, కెన్ యు టెల్ అమ్మమ్మ టు టర్న్ ఇట్ డౌన్, షీ ఈజ్ హ్యావింగ్ హర్ సండే అగేన్ అంది, ఇవాళ సండే ఏంటే, శుక్రవారం అంది సెరీనా, యా, హర్ సండే అని నయోమి వెళ్ళిపోయింది, అప్పుడు పడింది, నాలుక చివర ఉన్నది ఊడి ఒళ్ళో పడింది, శుక్రవారం, అయ్యో దేవుడా శుక్రవారం, గల్ఫ్‌లో శుక్రవారం సెలవు, ఒమాన్‌లో శుక్రవారం, శనివారం ఆఫీసులుండవు, అందుకే తెలుగు సంఘాలు అక్కడ ఆరాధన శుక్రవారమే పెట్టుకుంటాయి, పని ఇళ్ళలోంచి ఆడవాళ్ళను పంపేదీ ఆ పూటే, పదకొండేళ్ళు శుక్రవారమే మందిరానికి వెళ్ళిన మనిషి కూతురు, ఇప్పటికీ ప్రతి శుక్రవారం తెల్లచీర కట్టుకుని ఫోన్లో కువైట్ ఆరాధనకు కూర్చునే మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, ఆదివారం ఇక్కడ చర్చికి తీసుకెళ్తే వెనక బెంచీలో అతిథిలా కూర్చునే మనిషిని కళ్ళతో చూస్తూ, రంజాన్ చూసి బక్రీదు చూసి, శుక్రవారం చూడలేదు, ఈ తప్పు గ్రెగ్ చేస్తే అర్థం ఉంది, తను చేసింది, పాపం ఆ మస్కట్‌వాళ్ళు మర్యాదకు కాదని కూడా అనకుండా ఆహ్వానాన్ని అలాగే వదిలేశారు, ఇప్పుడు ఏ సముద్రపు ఒడ్డునో పిల్లలతో ఉండి ఉంటారు, సెరీనా లాప్‌టాప్ మూసేసింది, బ్లేజరు విప్పి కుర్చీకి తగిలించింది, చెవులు మాత్రం వేడెక్కి ఉన్నాయి.

హాల్లో అమ్మ సోఫాలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది, తెల్లచీర, తల మీద కొంగు, టీపాయ్ మీద నీళ్ళ చెంబుకు ఆనించిన ఫోన్, ఫోన్ నిండా చిన్న చిన్న గడుల్లో ఆడవాళ్ళు, అందరూ తెల్లచీరల్లోనే, ఇందాకటి తన తెర ఎంత ఖాళీగా ఉందో ఇది అంత కిక్కిరిసి ఉంది, అమ్మ ఫోన్ గొంతు నొక్కి, ఏమ్మా అప్పుడే అయిపోయిందా మీటింగు అంది, ఎవరూ రాలేదమ్మా, ఇవాళ శుక్రవారం కదా, మర్చిపోయాను, అమ్మ ఒక్క క్షణం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, సెరీనాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అమ్మ, అయితే వెళ్ళనని ఇంకా చెప్పలేదన్నమాట అంది, ఎక్కడికి, అదేనే, మస్కట్‌కి, ఈ ఇళ్ళకి గోడలా అవి, అట్టముక్కలు, నువ్వూ అబ్బాయీ మాట్లాడుకునేదంతా ఇంటానే ఉన్నాను, ఎందుకు వెళ్ళనంటన్నావు, నయోమి కోసమమ్మా, దానికేం, వాళ్ళ నాన్న లేడా, నేను లేనా, అమ్మా నువ్వు అక్కడ ఏడ్చినట్టు నేను ఏడవలేను అంది సెరీనా, చివరికి అనేసింది, ముప్పై ఏళ్ళ మాట అంత తేలిగ్గా బయటికొస్తుందని తెలీదు, అమ్మ వింతగా చూసింది, నేనెప్పుడు ఏడ్చానే అంది.

అంటే మొదట్లో ఏడ్చాను, ఏడవలేదని ఎలా అంటాను, మీ నాన్న పోయిన ఏడాది కదా, బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని, తరవాత మందిరం దొరికింది, ఈళ్ళంతా దొరికారు, నా చేత పాట ఎత్తించేవోరు, మన ఊళ్ళో నన్నెవరు పాడమన్నారే, ఇల్లు నిలబడింది, నీ చదువు గాడిలో పడింది, ఇంక వచ్చెయ్యమని మీ మావయ్య కబురెట్టాడు, రాలేదు, ఎందుకు రాలేదమ్మా, అమ్మ ఫోన్ వైపు చూసింది, ఉండాలనిపించింది అంది, నిన్ను తలుచుకోని పూట లేదు, అదీ నిజమే, ఇదీ నిజమే, ఫోన్లో గడులన్నీ కదిలాయి, ప్రేమక్కా గొంతు రావట్లేదు, రెండో పాట నువ్వే ఎత్తుకోవాలి అని ఎవరో సైగలు చేస్తున్నారు, ఆఁ వత్తన్నా వత్తన్నా అంటూ అమ్మ అటు తిరిగిపోయింది, కూతురు పక్కన నిలబడి ఉండగానే అటు తిరిగిపోయింది.

కోపం వచ్చింది, వేడినీళ్ళు మీద పడ్డట్టు వచ్చింది, ఇన్నేళ్ళూ అమ్మను క్షమించిందల్లా ఆమె ఏడ్చిందని కదా, ఏడవకపోతే ఇప్పుడా క్షమ అంతా ఏం చేసుకోవాలి, వంటింట్లోకి వెళ్ళి ఊరికే పంపు తిప్పి ఊరికే కట్టేసింది, తెలీకనా, ఆ ఫోటో లేదూ, ఓసారి పాలపొడి డబ్బా, తలనొప్పి తైలం సీసాతో పాటు పార్సిల్లో వచ్చిన ఫోటో, సముద్రపు ఒడ్డున ఆడవాళ్ళు, మధ్యలో అమ్మ, ఎవరి భుజం మీదో చెయ్యేసి నోరంతా తెరిచి నవ్వుతున్న అమ్మ, దాన్ని ట్రంకుపెట్టె అడుగున వేసి మళ్ళీ తియ్యలేదు, ఆ నవ్వు తను ఎరగనిదేం కాదు, చూడకూడదనుకుంది అంతే, కిటికీ అవతల ఎండ వాలిపోతోంది, కప్పుల మీది పలకలన్నీ బూడిదరంగుకు తిరిగాయి, మస్కట్‌లో ఇంకా పొద్దున్నే, ఎడారిలో వరస వెనక వరసగా నిలబెడుతున్న పలకలన్నీ కళ్ళకు కట్టాయి, ఏ వరస ఎటు తిరిగి ఉండాలో తనకు నోటికి వచ్చు, ఒక్క పలకనైనా చేత్తో ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఎంత కాలుతుందో తెలీదు, వెళ్తే నయోమికి కోపం వస్తుంది, ఆ కోపం ఏళ్ళ తరబడి ఉంటుంది, తనకు లేదూ, దాన్ని తప్పించడం తన వల్ల కాదు, దానికి ఏ పేరో పెట్టి సర్దిచెప్పడమూ తన వల్ల కాదు, ఎందుకంటే ఇల్లు పడిపోవడం లేదు, పొయ్యి ఆరిపోలేదు, మొగుడు బంగారంలా ఉన్నాడు, ఎవరూ తరమడం లేదు, గ్రెగ్‌కు ఫోన్ చేసి ఆదివారం వాళ్ళకు పనిరోజు, ఆదివారం మాట్లాడి చెబుతాను అనాలి, ఏం చెబుతావు అని అడుగుతాడు, అడిగితే అవసరమని చెప్పడానికి లేదు, బలవంతమని చెప్పడానికి లేదు, హాల్లో అమ్మ రెండో పాట ఎత్తుకుంది, ఇంత గొంతు ఈమెకు ఉందా అనిపించేంత పైనుంచి ఎత్తుకుంది, సెరీనా పంపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది, తనకు వెళ్ళాలని ఉంది.